నోరు తెరిచి తీసుకుంటేనే

మా ఊరి చెరువులో చేపలు ఊరివి కావు. పశ్చిమ గోదావరిలో చాలా ఊళ్ళలో లాగే పంచాయతీ వాళ్ళు చెరువుని వేలం వేసేవారు. పాట ఎవరు పాడుకుంటే ఆ ఏడాది చేపలు వాళ్ళవి. పాడుకున్నాయన వానలు పడగానే బాదంపూడి వైపు నుంచి చేపపిల్లల్ని తెప్పించి నీళ్ళలో వదిలేవాడు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, నాచు ఎక్కువైన ఏడు కాసిని గడ్డిచేపలు, అడుగున తిరగడానికి బంగారుతీగ. మళ్ళీ ఎండాకాలంలో పెద్ద వలలు దించేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. గట్టు మీద ఒక కావలి తాత, ఆయన చేతిలో కర్ర, పక్కన ఒక కుక్క ఎప్పుడూ ఉండేవి.

వలకి ససేమిరా అనే ఆ తాత, గాలం పట్టుకుని కూర్చుంటే మాత్రం చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. దానికీ లెక్కలున్నాయి. ఒక కర్రకి ఒకే ముల్లు. మేత సంచులు కట్టిన గెడల దరిదాపుల్లో వెయ్యకూడదు. పెద్దది దొరికితే తనకి చూపించి తీసుకెళ్ళాలి. ఇవి ఎక్కడా రాసిపెట్టిన లెక్కలు కావు, మా చినమావయ్యా ఆయనా చుట్టలు కాల్చుకుంటూ కుదుర్చుకున్నవి. 1990ల మొదట్లో సంగతి. అప్పటికే కైకలూరు, ఆకివీడు వైపు వరిచేలు చేపల చెరువులైపోతున్నాయి, ఐసు పెట్టెలతో లారీలు హౌరా దారి పడుతున్నాయి. మా చెరువు అంత పెద్ద వ్యాపారం కాదు. అయినా మేత సంచుల పద్ధతి మాకూ వచ్చేసింది. ఎరువుల బస్తాకి చిల్లులు పొడిచి, తవుడూ చెక్కా నింపి, గెడకి కట్టి నీళ్ళలో వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ చిల్లులకి మూతి పెట్టి పీల్చుకుంటాయి. పొద్దున్నే ఆ సంచుల చుట్టూ నీళ్ళు కుతకుతలాడుతుంటే చూడ్డానికి భలే ఉండేది.

చినమావయ్య గాలంలో సగం పని వంటింట్లోనే జరిగేది. తవుడు దోరగా వేయించాలి. వేరుశనగ చెక్క రాత్రే నానబెట్టి పొద్దున మెత్తగా పిసకాలి. ముద్ద నీళ్ళలో విడిపోకుండా గుప్పెడు మైదా. ఆ పైన ఆయన సొంత రహస్యం, పాత బెల్లం, చిటికెడు సోంపు పొడి. సోంపు డబ్బా ఖాళీ అయినప్పుడల్లా అమ్మమ్మ "చేపలకి తాంబూలాలు ఇస్తున్నాడమ్మా నా కొడుకు" అని విసుక్కునేది. ముద్ద గట్టిగా ఉంటే చేప ఉమ్మేస్తుంది, మెత్తగా ఉంటే పరిగెలు కొట్టుకుపోతాయి. ఆ మధ్యలో ఎక్కడుండాలో ఆయన వేళ్ళకి తెలుసు. నాకు ఇప్పటికీ రాలేదు. జెల్లలకీ పరిగెలకీ అయితే ఇంత తతంగం లేదు, అరటిచెట్ల మొదట్లో తవ్వి నాలుగు ఎర్రలు కొబ్బరిచిప్పలో వేసుకుంటే చాలు.

బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి పై పొరల్లో కంటికి ఆనని పురుగూ పాచీ మేస్తుంది. శీలావతి పెదవి అంచు కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది, నడిమి నీళ్ళలో తిరుగుతుంది. ఎర్రమోసుది అడుగు మేత. బంగారుతీగ మూతికి రెండు జతల మీసాలు. బురదలో మూతి పెట్టి గబుక్కున పీల్చుకుని, పనికొచ్చేది మింగి మిగతాది ఉమ్మేస్తుంది. ఈ జాతి చేపలకి దవడల్లో పళ్ళుండవు, ఉన్న పళ్ళు గొంతు లోపల ఉంటాయి. కొర్రమీనులా, వాలుగలా వెంటపడి కరిచే రకాలు కావు. ఇదంతా నేను తర్వాత ఎప్పుడో చదువుకున్నాను. చినమావయ్య బెండు చూసి చెప్పేవాడు. జీలుగు బెండు మెల్లగా పక్కకి జరుగుతూ పోతే శీలావతి. మునగడం మానేసి పైకి లేచి నీళ్ళ మీద పడుకుంటే కింద బంగారుతీగ ముద్దని ఎత్తిందన్నమాట. "ఆగు, ఆగు, ఇంకా రుచి చూస్తోంది" అనేవాడు. మేం చేతులు దురద పెట్టి ముందే లాగేసేవాళ్ళం.

ఆయన దగ్గర ఉన్న పద్ధతి ఒక్కటే. చేప తనంతట తాను నోరు తెరిచి తీసుకోవాలి. అలా తీసుకుంటే అది నీది, పులుసు పెట్టుకో. లేకపోతే ఎంత పెద్దదైనా నీది కాదు. ఇంత పొడుగు మాటలు ఆయన ఎప్పుడూ చెప్పలేదు లెండి, చేసేది చూసి మేం అర్థం చేసుకున్నాం. ఎండాకాలం కాలువలు కట్టేసే ముందు నీళ్ళు తగ్గి, లాకుల కింద గుంటల్లో చేపలు గుంపులు కట్టేవి. కొందరు అక్కడ చేరి, నాలుగు ముళ్ళు వీపులు కలిపి కట్టి, సీసం ముక్క తగిలించి, ఎర కూడా లేకుండా విసిరి గుంజేవాళ్ళు. పొట్టకి తగలనీ, తోకకి తగలనీ, కంటికి తగలనీ, వచ్చిందే దక్కుదల. సగం చేపలు చీలుకుని పారిపోయేవి. ఊళ్ళో పిల్లలందరూ ఆ తమాషా చూడ్డానికి పరిగెత్తేవాళ్ళు. చినమావయ్య మాత్రం మమ్మల్ని అటు పోనిచ్చేవాడు కాదు.

ఇలా ఉండగా మా వీధి చివరింటి అన్నయ్య కువైట్ నుంచి సెలవుకి వచ్చాడు. అత్తరు సీసాలూ టేప్‌రికార్డరూ తెచ్చాడు, వాటితో పాటు ఒక ప్లాస్టిక్ పెట్టె. మూత తెరిస్తే అరలు అరలుగా, బంగారం కొట్టులో పెట్టినంత పొందిగ్గా, స్పూన్లనే వెండి రంగు రేకు ఎరలు, ఎర్ర కళ్ళ చెక్క చేపలు, చేత్తో పట్టుకుంటే వణికే రబ్బరు పురుగులు. ఒక్కోదానికి మూడు మొనల ముల్లు, కొన్నింటికి అలాంటివి రెండు. అక్కడి సముద్రంలో వాటితో ఎంతెంత చేపలు పట్టారో చెబుతుంటే మేం నోళ్ళు వెళ్ళబెట్టుకుని విన్నాం. రీలు తిప్పితే వచ్చే కిర్రుమనే చప్పుడు వినడానికే ఆయన వెనక తిరిగేవాళ్ళం. పిండి కలిపే పని లేదు, చేతులకి చెక్క కంపు లేదు. దొరబాబు గాలం అన్నారు ఊళ్ళో.

చెరువులో దొరబాబు గాలం పని చెయ్యలేదు. పొద్దుట్నించి సాయంత్రం దాకా విసిరాడు, లాగాడు. ఎందుకు తగులుతాయి? స్పూను అనేది పారిపోతున్న చిన్న చేపలా మెరవాలి, దాన్ని చూసి పెద్ద చేప వెంటపడాలి. బొచ్చెకీ శీలావతికీ ఇంకో చేపని తరిమే బుద్ధే లేదు. ఇవన్నీ ఉండే కార్పు కుటుంబంలో తరిమేవి అసలు లేకపోలేదు, కావేరిలో ఉండే మహసీర్ ఆ కుటుంబమే, అది స్పూను మీద పడుతుంది. మా చెరువులోవి సాధువులు. మూడో నాటికి అన్నయ్యకి రోషం వచ్చింది. కావలి తాత భోజనానికి వెళ్ళిన సమయం చూసి స్పూనుని మేత సంచికి అవతలగా విసిరి, చేపల గుంపు మధ్యలోంచి సర్రున లాగాడు. తగిలింది. కర్ర వంగిపోయింది. మేం కేకలు. చేప ఎదురుగా రావడం లేదు, అడ్డంగా, రాయి ఈడ్చుకొస్తున్నట్టు వస్తోంది. ఒడ్డుకి వచ్చాక చూస్తే బొచ్చె, వీపు రెక్క కింద ముల్లు దిగి ఉంది, పొలుసులు లేచిపోయి ఎర్రగా కనపడుతోంది.

చినమావయ్య అప్పుడే గట్టు మీదికి వచ్చాడు. ఏమీ అనలేదు. చేపని తడి తువ్వాలు మీద పడుకోబెట్టి, ముల్లు వెనక్కి తిప్పి తీసి, అన్నయ్య చేతిలో పెట్టకుండా తాత వచ్చేదాకా ఆగి ఆయన చేతిలో పెట్టాడు. అలా గాయపడినవి వదిలేస్తే పుండు పడి చావొచ్చు, పక్కవాటికీ తెగులు అంటుకోవచ్చు, నష్టం పాట పాడుకున్నాయనది. తాత దాన్ని తూకం వేయించి అన్నయ్య దగ్గర డబ్బులు వసూలు చేశాడు. కథ అక్కడితో అయిపోయేదే, అన్నయ్య ఊరుకుని ఉంటే.

సాయంత్రం అరుగు మీద మొదలుపెట్టాడు. "మావయ్యా, నువ్వు ఎర్రని బతికుండగా ముల్లుకి గుచ్చుతావు. అది మెలికలు తిరుగుతుంది. నా రబ్బరు పురుగుకి ప్రాణం లేదు, నొప్పి లేదు. నాది పాపమా, నీది పాపమా?" మంచి ప్రశ్న. ఇప్పటికీ మంచి ప్రశ్నే అనుకుంటాను. చినమావయ్య చాలాసేపు చుట్ట పీల్చి, "పురుగు సంగతి నువ్వన్నది నిజమేరా. నేను చేప సంగతి మాట్లాడుతున్నాను" అన్నాడు. అన్నయ్య వదల్లేదు. పిండిముద్దలో ముల్లు దాచి పెట్టడం కూడా మోసమే కదా అన్నాడు. "మోసమే. కానీ అది ఇష్టపడి నోట్లో పెట్టుకుంది. అక్కర్లేకపోతే ఉమ్మేసి పోయేది. నీ స్పూను దాన్ని అడిగిందా?"

ఇక్కడ ఒకటి చెప్పాలి. చినమావయ్య పాతకాలం మనిషి, కొత్త సరుకంటే గిట్టదు అనుకుంటే పొరపాటు. ఆ పెట్టెలోనే ఒక రబ్బరు కప్ప ఉంది. మా వైపు కొర్రమీనుకి బతికున్న కప్పని గాలానికి కడతారు. వీపు చర్మంలోంచి ముల్లు దూర్చి, తామరాకుల మధ్య వదిలితే అది తన్నుకుంటూ ఈదుతుంది, ఆ కదలికకి కొర్రమీను లేస్తుంది. నాకు ఆ ముల్లు దూర్చే దృశ్యం చూస్తే కడుపులో తిప్పేది, తల తిప్పేసుకునేవాణ్ణి. ఆ రబ్బరు కప్పని చినమావయ్య చేతిలోకి తీసుకుని, పొట్ట నొక్కి, ముళ్ళు పైకి తిరిగి వీపుకి ఆనుకుని ఉండటం చూసి, "ఇది ఇచ్చెళ్ళరా" అన్నాడు. అన్నయ్య పకపకా నవ్వాడు. ఆ తర్వాత మా ఇంట్లో కొర్రమీనుకి బతికున్న కప్పని కట్టిన గుర్తు లేదు. కొర్రమీను వేటాడే చేప, కప్ప అనుకుని నోరు తెరిచి మీద పడుతుంది. ఆయన లెక్కలో అది సరిపోయింది. రబ్బరైతేనేం.

ఉద్యోగం పేరుతో ఇంగ్లండు వెళ్ళినప్పుడు, మా ఆఫీసులో ఒక పెద్దాయన కార్పు గాలానికి రమ్మన్నాడు. రాడ్ లైసెన్సు తీసుకుని వెళ్ళాను. అక్కడ కార్పు అంటే మన బంగారుతీగే. మన దేశంలోకి 1939లో సిలోను నుంచి ఊటీకి ఒక రకం, 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కి ఇంకో రకం వచ్చాయి. అంటే చినమావయ్య బెండు ఎత్తిన చేప కూడా వలస వచ్చినదే. ఇంగ్లండు చెరువు గట్టున మెత్తటి పరుపు పరిచారు, చేపని పడుకోబెట్టడానికి. ముల్లు మొనకి వెనక్కి తిరిగి ఉండే పన్ను లేని రకమే వాడాలి. గాయమైతే రాయడానికి మందు సీసా కూడా ఉంది. పట్టిన చేప తిరిగి నీళ్ళలోకే. నాకు తడి తువ్వాలు గుర్తొచ్చింది.

ఎరల పెట్టె తెరిస్తే నాకు నవ్వొచ్చింది. గుడ్లూ పిండీ కలిపి ఉడకబెట్టిన గుండ్రటి ఉండలు, బాయిలీలట, అచ్చం ఉండ్రాళ్ళే. పక్కన ప్లాస్టిక్ మొక్కజొన్న గింజలు. ఆ ప్లాస్టిక్ గింజ చూసి కువైట్ అన్నయ్య గెలిచాడనుకున్నాను. కానీ పద్ధతి వేరు. ముందు నిజం గింజలు గుప్పెళ్ళతో చల్లుతారు. చేపలు మేతకి అలవాటుపడతాయి. వాటి మధ్య ఈ తేలికపాటి ప్లాస్టిక్ గింజ కొంచెం పైకి తేలుతూ నిలబడుతుంది. ఎవరూ లాగరు, ఈడ్వరు. చేప వచ్చి పీల్చుకోవాల్సిందే. ముల్లు కింది పెదవికి పడుతుంది. చినమావయ్య లెక్కలో ప్లాస్టిక్ గింజ పాసయిపోతుంది, స్పూను తప్పుతుంది. ఇది నాకు ఆ గట్టు మీదే తట్టింది.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది ఇంకోటి. ఎర ముల్లుకి గుచ్చరు. ముల్లు ఖాళీగా ఉంటుంది, దాని వెంట వెంట్రుకంత దారానికి ఎర వేలాడుతుంది. 1980 ప్రాంతంలో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు కనిపెట్టారు, మొదట్లో నిజంగా తల వెంట్రుకనే వాడారట. కార్పుకి నోట్లో పెట్టుకుని పరీక్షించి ఉమ్మేసే అలవాటు ఉందని చెప్పాను కదా. ఎర విడిగా ఉంటే దానికి తేడా తెలియదు, ఉమ్మబోతే ముల్లు దిగుతుంది. అంటే చినమావయ్య "అక్కర్లేకపోతే ఉమ్మేసి పోయేది" అన్న ఆ ఒక్క అవకాశాన్నే ఇది మూసేసింది. నిజం ఎర పెట్టినా సరే. ప్లాస్టిక్ గింజ కంటే ఈ వెంట్రుకే పెద్ద మాయ అని నా అభిప్రాయం. ఆ పెద్దాయనతో అంటే, "అది లేకపోతే గొంతులోకి మింగేసేవి, పెదవికి పడటం దానికే మంచిది" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

సహజమైన ఎర అంటే దయగల ఎర అనుకోవడానికీ లేదు. అక్కడ బెన్సన్ అని పేరు పెట్టుకున్న ఒక పెద్ద కార్పు ఉండేది, పీటర్‌బరో దగ్గర బ్లూబెల్ లేక్స్‌లో. ఆడచేప, 64 పౌండ్ల దాకా తూగింది, అంటే మన లెక్కలో 29 కిలోలు. 60 సార్లకి పైగా పట్టి వదిలారు. 2009లో చనిపోయి తేలితే పత్రికలన్నీ రాశాయి. మొదట అనుమానం దేని మీదికి వెళ్ళిందంటే, సరిగా నానబెట్టి ఉడికించకుండా వాడే టైగర్ నట్స్ మీదికి. మన పొలాల్లో తుంగ ఉంటుందే, దాని దాయాది గడ్డలు. అలాగే అక్కడ 1987లో చిన్న సీసం గుళ్ళు నిషేధించారు, హంసలు మింగి చస్తున్నాయని. మనం కాలువలో తెగిపోయిన సీసం ముక్కల గురించి ఎప్పుడైనా ఆలోచించామా? ఎరలో ఏముందో ఒక్కటే చూసి మంచిచెడ్డలు తేల్చలేం.

ముల్లుతో గుంజి పట్టడం అక్కడ 1975 చట్టం ప్రకారం నేరం. మన 1897 ఫిషరీస్ చట్టం ముఖ్యంగా చెప్పింది బాంబులతోనూ విషంతోనూ పట్టొద్దని. గాలాల సంగతి మా ఊళ్ళో కావలి తాతే చూసుకున్నాడు.

బెన్సన్ కథ ఫోన్లో చెబితే చినమావయ్య "అరవై సార్లా!" అన్నాడు. కాసేపాగి, "మరి ఒక్కసారైనా కూర వండుకోలేదా?" అన్నాడు. లేదన్నాను. ఆయనకి అది బొత్తిగా మింగుడుపడలేదు. ఆకలికి పట్టినా అమ్ముకోడానికి పట్టినా ఆయనకి అర్థమవుతుంది, ఫోటో కోసం దాని మూతికి ముల్లు దింపి మళ్ళీ వదలడం వెటకారం చేసినట్టుంది అన్నాడు. 1952లో రిచర్డ్ వాకర్ అనే ఆయన 44 పౌండ్ల కార్పుని రొట్టె పిండితో పట్టి లండన్ జూకి ఇచ్చాడని చెబితే, పిండి అన్నందుకు కాస్త మెత్తబడ్డాడు. నేను ఈ విషయంలో ఆయనతో పూర్తిగా ఏకీభవించను. పరుపూ మందూ పెట్టుకుని వదిలేసేవాళ్ళ చెరువులో చేప ముసలితనం దాకా బతుకుతోంది, మా చెరువులో ఏడాదికి మించి బతకదు. కానీ వెటకారం అన్న మాట మాత్రం నన్ను ఇంకా పొడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఆ కువైట్ పెట్టెలాంటిది ఎవరైనా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. మొన్న సంక్రాంతికి వెళ్తే చినమావయ్య మనవడు అలాంటి కిట్టు ముందేసుకుని కూర్చున్నాడు. వీడియోల్లో ఎవరో స్పూన్లతో బొచ్చెలు లాగుతున్నారట. ఆపి చూపించమన్నాను. ఒక్క చేపకీ ముల్లు నోట్లో లేదు. మనవడు అప్పటిదాకా గమనించలేదు, మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూసుకున్నాడు. రబ్బరు కప్ప కొర్రమీనుకి ఉంచుకోమన్నాను. మిగతావాటికి మూడు మొనల ముళ్ళు తీసేసి ఒంటి ముల్లు తగిలించాం, పన్ను పటకారుతో నొక్కేశాం. చినమావయ్య కళ్ళజోడు సవరించుకుని ముందుకి వంగాడు.

"పన్ను నొక్కేస్తే జారిపోదట్రా?"

"కొన్ని జారిపోతాయి మావయ్యా."

"అయితే నీ స్పూన్లెందుకు, పిండి కలుపుతానుండు" అని లేచాడు. సోంపు డబ్బా ఎక్కడుందో అత్తయ్యని అడుగుతూ లోపలికి వెళ్ళాడు.

ముక్కనుమ నాడు మనవడి గాలానికి శీలావతి పడింది, కిలోన్నర ఉంటుంది, ముల్లు పెదవికి పడింది. వాడు ఫోటో తీసుకుని వదిలేద్దామన్నాడు. చినమావయ్య పులుసు అన్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఎటూ తేల్చకముందే అత్తయ్య ఇంట్లోంచి ఫోన్ చేసి, మసాలా నూరుతున్నాను, తెస్తున్నారా లేదా అంది. పాట పాడుకున్నాయన తాలూకు మనిషికి, కిలోకి ఇంతని డబ్బులు కట్టి తెచ్చాం. ముళ్ళు తీసుకుని తినడానికి వాడికి గంట పట్టింది గాని, రెండోసారి వడ్డించుకున్నాడు.